దొడ్డిలో తవ్విన గోతిలో నీరు ఊరుతోంది: వంటింటి చెత్తను ఎరువు చేయడం మన డెల్టాలో ఎలా?

అంబాజీపేట గృహిణి – ఆగస్టు 9

అందరికీ నమస్కారం. మాది అంబాజీపేటకు దగ్గరలోని ఒక పల్లె. ఇంట్లో ఐదుగురం ఉంటాము. ఇంటి వెనుక పది సెంట్ల దొడ్డి ఉంది. అందులో ఏడు కొబ్బరి చెట్లు, ఒక పనస చెట్టు, నూతి పక్కన రెండు అరటి గుబుర్లు, మా అత్తగారు ప్రాణంగా చూసుకునే కనకాంబరాలు, మల్లె పొదలు ఉన్నాయి.

వేసవిలో ఒక వారం పాటు వంటింట్లోంచి బయటికి పోయే చెత్తను రోజూ చిన్న కాటా మీద తూచి కాగితం మీద రాసుకున్నాను. ఏడు రోజులకు 8 కిలోల 400 గ్రాములు తేలింది. అందులో పాల సంచులు, బిస్కట్ల పొట్లాలు అన్నీ కలిపినా అరకిలో దాటలేదు. మిగిలినదంతా ఆనపకాయ తొక్కలు, ముదురు బీరపొట్టు (లేతది మా ఇంట్లో పచ్చడికి పోతుంది), అరటి తొక్కలు, టీ పిప్పి, మామిడి టెంకలు, దేవుడి దగ్గర వాడిన పూలు. ఇన్నాళ్లూ దీన్నంతా సంచిలో కట్టి పంచాయతీ రిక్షాలో వేస్తున్నాము. రిక్షా రాని రోజున అది కాలువ గట్టుకు చేరేదని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

దీన్ని ఇంట్లోనే ఎరువు చేసుకుందామని మే నెలాఖరున మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతున గొయ్యి తీయించాను. చదివిన సూచనల ప్రకారం చెత్త వేయడం, పైన పలుచగా మట్టి కప్పడం, రోజూ కాసిని నీళ్లు చల్లడం చేశాను. మూడు వారాల పాటు అంతా సవ్యంగానే ఉన్నట్లు కనిపించింది. జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు వదిలిన పది పన్నెండు రోజులకు, ఇంకా గట్టి వాన ఒక్కటైనా పడకముందే, గోతి అడుగున నీరు ఊరడం మొదలైంది. జూలై మొదటి వారానికి అడుగున్నర నీరు నిలిచి, చెత్త దాని మీద తేలుతూ, కుళ్లిన కోడిగుడ్ల వాసన వీధి గుమ్మం దాకా వచ్చింది. తెల్లగా, బియ్యపు గింజలంత పురుగులు కూడా కనిపించాయి. పక్కింటి పిన్నిగారు రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజున గోడ మీదుగా నన్ను పిలిచి మెల్లగానే చెప్పారు. ఆ సాయంత్రమే గొయ్యి పూడ్పించేశాను.

ఇప్పుడు నాకు తెలియవలసినవి ఇవి. మన నేలలో గొయ్యి అసలు పనికివస్తుందా, లేక కుండలు, డ్రమ్ములు వాడాలా? తడి చెత్తతో కలపడానికి మాకు పీచు మిల్లు నుంచి కొబ్బరి పొట్టు, రైసు మిల్లు నుంచి ఊక, దొడ్డిలో పనసాకు దొరుకుతాయి. వీటిలో ఏది మేలు? చేపల పొలుసులు, రొయ్యల తలకాయలు వేయవచ్చునా? "మా కాలంలో పెంటకుప్ప ఇలా కంపు కొట్టేది కాదు" అని మా అత్తగారు అంటున్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.


వ్యవసాయ శాఖ విశ్రాంత ఉద్యోగి, పాలకొల్లు – ఆగస్టు 10

అమ్మా, మీ అత్తగారి మాట నిజం. ఆ రోజుల్లో పెంటకుప్ప నేల మీద ఉండేది, నేలలో ఉండేది కాదు. పైగా అందులో పశువుల గత్తంతో పాటు సాలలో తొక్కుడుపడిన ఎండుగడ్డి సగానికి సగం ఉండేది. గాలి ఆడడానికి అది చాలు.

మీ గోతికి ఏమైందో చెబుతాను. డెల్టాలో కాలువలు పారే నెలలన్నిటిలోనూ భూగర్భ జలం చాలా పైకి వస్తుంది. మీ నూతిలో నీటిమట్టం ఎంత పైకి వచ్చిందో చూస్తే గోతిలో నీరు ఎక్కడిదో తెలిసిపోతుంది. చెత్తను ఎరువుగా మార్చే సూక్ష్మజీవులు గాలి పీల్చి బ్రతికేవి. చెత్తలోని సందులన్నీ నీటితో నిండితే అవి చచ్చి, గాలి అక్కరలేని మరొక జాతి సూక్ష్మజీవులు పని అందుకుంటాయి. వాటి నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువే మీరు చెప్పిన కోడిగుడ్ల వాసన. కాబట్టి మీరు చేసిన తప్పేమీ లేదు. ఆ సూచనలు మెట్ట ప్రాంతాలకు రాసినవి. అక్కడ చెత్త ఎండిపోకుండా చూసుకోవాలి, మనం చెత్త మునిగిపోకుండా చూసుకోవాలి. రోజూ నీళ్లు చల్లడమన్న మాటను మీరు ఇక మరచిపోండి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఆంగ్లేయ వ్యవసాయ శాస్త్రవేత్త 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో ఉండి, రైతుల దగ్గర చూసి నేర్చుకున్న దానికి తన ప్రయోగాలు జోడించి ఇండోర్ పద్ధతిని రూపొందించాడు. ఎండాకాలంలో గోతులు, వానాకాలంలో నేల మీద కుప్పలు అని అందులోనే ఉంది. 1939లో సి.ఎన్. ఆచార్య గారు రూపొందించిన బెంగళూరు పద్ధతిలో గోతిని నింపి మట్టితో మెత్తేసి ఆరు నుంచి ఎనిమిది నెలలు వదిలేస్తారు. అది వానలు తక్కువ ఉన్న చోట పట్టణాల చెత్తకు బాగుంటుంది, మనకు నప్పదు.

మీరు చేయవలసినది ఇది. దొడ్డిలో ఎత్తైన చోట, వీలుంటే పశువుల సాల చూరు కింద, రెండు వరుసల ఇటుకలు పేర్చి వాటి మీద కొబ్బరి మట్టలు అడ్డంగా పరవండి. మట్టల మీద కొబ్బరి డొక్కలను, అంటే కాయ ఒలిచిన పీచు చెక్కలను, బోర్లా పేర్చండి. తోటలో తేమ నిలవడానికి డొక్కలను వెల్లకిలా పూడుస్తాము కదా, ఇక్కడ నీరు జారిపోవాలి కనుక తలక్రిందులు చేస్తున్నాము. చుట్టూ మూడడుగుల ఎత్తున తడిక కట్టించి, పైన తాటాకో రేకో వాన జల్లు లోపల పడని విధంగా వేయండి. ఇలాంటివి రెండు ఉండాలి. ఒకటి నిండుతూ ఉండగా రెండోది పండుతూ ఉంటుంది. ఒకే దానిలో రోజూ పైన వేస్తూ పోతే ఏనాటికీ ఎరువు చేతికి రాదు. చాలామంది విసుగెత్తి మానేసేది ఇక్కడే.

ఇక కలపడం సంగతి. సూక్ష్మజీవులకు కర్బనం, నత్రజని రెండూ కావాలి. మొత్తం మీద ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్లు కర్బనం ఉంటే పని చురుకుగా సాగుతుంది. కూరగాయల తొక్కల్లో ఆ నిష్పత్తి 15, 20 ప్రాంతంలోనే ఉంటుంది, అంటే నత్రజని ఎక్కువ. ఎండుటాకు, ఎండుగడ్డి, కాగితం కర్బనం ఎక్కువ ఉన్న సరుకు. ఇంట్లో లెక్కలు వేసుకోనక్కరలేదు. ఒక గిన్నె తడి చెత్తకు రెండు గిన్నెల ఎండుటాకు, అదీ నలిపి వేయండి. పనసాకు దళసరిగా ఉంటుంది కనుక నలపకుండా వేస్తే పొరలు పొరలుగా అతుక్కుని గాలిని ఆపేస్తుంది. మొదట్లో ఒక గంపెడు మాగిన గత్తం వేస్తే సూక్ష్మజీవులు దానితోనే వచ్చేస్తాయి, అంగడిలో పొట్లాలు కొనవలసిన పని లేదు.

తేమకు పిడికిలి పరీక్ష చాలు. కుప్ప నడిమి నుంచి ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపించాలి. ధార కట్టిందంటే ఎండుటాకు వేసి తిరగేయాలి. పొడిపొడిగా రాలిపోయి, లోపల ఎర్రచీమలు పుట్టలు పెట్టాయంటే అప్పుడు మాత్రం నీళ్లు చల్లాలి. అది మనకు ఏప్రిల్, మే నెలల్లో తప్ప జరగదు. వారానికో పది రోజులకో ఒకసారి పారతో పైది కిందికి, కిందిది పైకి వచ్చేలా తిరగేయండి. కోడిగుడ్ల వాసన వస్తే గాలి చాలలేదని, మూత్రపు ఘాటు వస్తే నత్రజని ఎక్కువై అమ్మోనియాగా పోతోందని అర్థం. రెండింటికీ మందు ఎండుటాకే. వాసన పోతుందని కొందరు సున్నం చల్లుతారు, దాని వల్ల ఉన్న నత్రజని కూడా ఆవిరైపోతుంది, వద్దు.


మూడో అంతస్తు, భీమవరం – ఆగస్టు 10

దొడ్డి లేని మా వంటి వారి అనుభవం కూడా పనికివస్తుందేమోనని రాస్తున్నాను. మేము అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉంటాము, వెనుక వరండా ఆరడుగుల పొడవు. మూడేళ్లుగా మూడు మట్టి కుండలలో చేస్తున్నాను. మొదటి కుండకు చిల్లులు పెట్టాలని మా వారు డ్రిల్లు మిషను పట్టుకు కూర్చున్నారు; నాలుగో చిల్లు దగ్గర కుండ నిలువునా చీలిపోయింది. అప్పుడు కుమ్మరి దగ్గరికే వెళ్లి, ఆవంలో పెట్టకముందే పచ్చి కుండకు వేలు పట్టే చిల్లులు చుట్టూ రెండు వరుసలు, అడుగున మూడు పెట్టి కాల్చమని అడిగాము. ఆయన ఇదేదో పిచ్చి అనుకున్నా చేసి ఇచ్చారు. చిల్లులకు లోపలి వైపు దోమతెర గుడ్డ అంటించి, అడుగున ఎండు కొబ్బరి పీచు వేసి, కింద పళ్లెం పెడతాను. ఒక కుండ నెల రోజులకు నిండుతుంది. మూడోది నిండే సరికి మొదటి దానిలోది మట్టి రంగుకు తిరిగి ఉంటుంది.

పురుగుల గురించి భయపడకండి. ముందు మీకు కనిపించిన చిన్న తెల్లవి మామూలు ఈగల పిల్లలు. కొన్నాళ్లకు బూడిద రంగులో, చదునుగా, అరంగుళానికి పైగా పొడవుండే పురుగులు వస్తే అవి నల్ల సైనిక ఈగ అనే జాతివి. ఆ ఈగ పెద్దయ్యాక మన అన్నం మీద వాలదు, రోగాలు మోయదు. దాని పిల్లలు మాత్రం చెత్తను మనకంటే శ్రద్ధగా తినేస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను కుండంతా పారబోశాను, ఆ పని ఇప్పుడు చేయను. అయితే ఈ పురుగులు విపరీతంగా ఉన్నాయంటే కుండ తడిగా ఉందని గుర్తు. చిన్న పండు ఈగలు ముసురుతుంటే, కొత్తగా వేసిన తొక్కలు పైకి కనబడకుండా రెండంగుళాల ఎండు సరుకు కప్పితే మూడు రోజుల్లో తగ్గిపోతాయి.

అన్నం, పప్పు గురించి ఒక్క మాట. మిగిలిన అన్నం పిడికెడు వరకు ఫరవాలేదు. పులుసు, నూనె తేలే కూరలు, ఊరగాయ అడుగులు వేయవద్దు. ఉప్పు మొక్కకు చేటు, నూనె గాలిని మూసేస్తుంది. వానపాములను పెంచాలనుకునే వారికైతే ఇవి బొత్తిగా పనికిరావు. నిమ్మ తొక్కలు, ఉల్లి పొట్టు కూడా ఎక్కువైతే వానపాములు ఇష్టపడవు, పైగా వేడి 35 డిగ్రీలు దాటితే చచ్చిపోతాయి. మే నెలలో మా వరండాలో నావి అలాగే పోయాయి. మామూలు కుండకు ఆ బెంగ లేదు.


చెరువు గట్టు, నరసాపురం – ఆగస్టు 11

చేపలు, రొయ్యల విషయం ఎవరూ తేల్చలేదు కనుక నేను రాస్తాను. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు నీచు ఉంటుంది. తలకాయలు, పొలుసులు ఎరువుకు మంచివే. నత్రజని, భాస్వరం రెండూ ఉంటాయి, రొయ్య పెంకులో సున్నపు అంశం కూడా ఉంటుంది. అయితే పైన చెప్పిన తడికల దొడ్డిలో వేశారో, మొదటి రాత్రే కుక్కలు, రెండో రాత్రి పందికొక్కులు వస్తాయి. నేను వేసి చూశాను. తెల్లవారేసరికి తడిక కింద నుంచి సొరంగం తవ్వి, డొక్కలన్నీ బయటికి లాగి, పొలుసులను ఇంటి మెట్ల దాకా చల్లాయి. పాలకొల్లు వారి ఇటుకల ఏర్పాటు నీటికి అడ్డం కాగలదు కానీ పందికొక్కుకు కాదు. అడుగున కోడిపెట్టెలకు వాడే ఇనుప వల పరిచి, ఆ పైన మట్టలు వేయండి.

నీచు చెత్తను నేను ఇప్పుడు నేరుగా కొబ్బరి చెట్ల పాదుల్లో పూడుస్తున్నాను. మొదలుకు ఐదడుగుల దూరంలో, ముంత పట్టేంత గొయ్యి మోకాలి లోతున తీసి, పొలుసులు వేసి, పైన పిడికెడు ఊక, ఆ పైన మట్టి వేసి తొక్కి, చివర ఒక బరువైన మట్ట ముక్క పెడతాను. చెట్టు చుట్టూ రోజుకొక చోట తిరుగుతూ వస్తే మళ్లీ మొదటి చోటికి వచ్చేసరికి అక్కడ ఏమీ మిగలదు. కాలువలు పారే రోజుల్లో మోకాలి లోతులోనే నీరు తగులుతుంది కనుక అప్పుడు జానెడు లోతుతో సరిపెట్టి మట్టి గుట్టలా పోస్తాను. ఉప్పు చేపల చెత్త మాత్రం ఎక్కడా వేయవద్దు.

కొబ్బరి పొట్టు మీద నాకు పాలకొల్లు వారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది. మా వైపు పీచు మిల్లుల దగ్గర కొండల్లా పడి ఉంటుంది, ఊరికే ఇస్తారు. ఎండుటాకు ఏరుకోవడం కన్నా అది సులువు కదా?


పాలకొల్లు – ఆగస్టు 11

ఇనుప వల సంగతి నేను మరచిపోయాను, మంచి మాట చెప్పారు.

కొబ్బరి పొట్టు తన బరువుకు ఆరేడు రెట్ల నీటిని పీలుస్తుంది, అందుచేత తడి చెత్తను ఆరబెట్టడానికి దాన్ని మించినది లేదు. ఒక గిన్నె చెత్తకు ఒక గిన్నె పొట్టు చాలు. చిక్కు ఎక్కడంటే అది తొందరగా కుళ్లదు. అందులో కర్బనం నత్రజనికి వంద రెట్లకు పైగా ఉంటుంది, లిగ్నిన్ అనే గట్టి పదార్థం మూడింట ఒక వంతు దాకా ఉంటుంది. తొక్కలన్నీ ఎరువైపోయినా పొట్టు గోధుమ రంగులో అలాగే మిగిలి, ఎరువు ఇంకా పచ్చిగా ఉన్నట్లు కనిపిస్తుంది. మిల్లుల వారు ఒక్క పొట్టునే ఎరువు చేయాలనుకుంటే యూరియా, ప్లూరోటస్ అనే పుట్టగొడుగు విత్తనం పొరల మధ్య వేసి నెల రోజులు మాగబెట్టే పద్ధతి ఒకటి ఉంది. ఇంటి అవసరానికి అంత హంగామా వద్దు. ఇంకొక సంగతి, ఉప్పునీటి కయ్యల్లో డొక్కలు నానబెట్టే చోటి పొట్టులో ఉప్పు ఉంటుంది. దాన్ని గోనెసంచిలో కట్టి రెండుసార్లు మంచినీటిలో ముంచి, పిండి, ఆరబెట్టాకే వాడాలి. కొత్త డొక్క పొట్టులోని కషాయం వంటి ఎర్రనీరు కూడా దానితో పోతుంది.

ఊక నీరు పీల్చదు. దానిలో సిలికా ఎక్కువ, ఏళ్ల తరబడి కుళ్లదు. చెత్తలో సందులు ఉంచడానికి ఐదో వంతు వరకు వేయవచ్చు. నన్ను అడిగితే సగం ఎండుటాకు, సగం పొట్టు, గుప్పెడు ఊక వేయండి అంటాను.

అరటి బోదెలు కూడా అలాగే తెచ్చి వేయవద్దు. గెల కోశాక బోదెలో నూటికి తొంభై పాళ్లు నీరే. ముక్కలు చేసి వారం రోజులు ఎండలో పడేశాకే కుప్పలో వేయాలి. కాలువలో తీసిన గుర్రపుడెక్కకూ ఇదే నియమం. పూత రాకముందే తీసి, వేళ్లు కోసేసి, వాడ్చి వేస్తే మంచి ఎరువు. అయితే పట్టణం మురుగు కలిసే డ్రెయిన్లలోని డెక్కను ఇంటి కూరపాదులకు వాడవద్దు, అది నీటిలోని సీసం వంటి లోహాలను తనలో దాచుకుంటుంది.


ఒక సందేహి, తణుకు – ఆగస్టు 13

పెద్దలు క్షమించాలి. ఇటుకలు, తడికలు, ఇనుప వలలు, పిడికిలి పరీక్షలు, ఇదంతా వారానికి ఎనిమిది కిలోల చెత్త కోసమా? బండి వచ్చి తీసుకువెళుతున్నప్పుడు, ఊరి బయట షెడ్డులో వాళ్లే ఎరువు చేస్తామంటున్నప్పుడు, ప్రతి ఇల్లూ ఒక చిన్న పెంటకుప్ప పెట్టుకోవడం నాకు అతిగా అనిపిస్తోంది. మా ఇంటి ముందు ఖాళీ స్థలంలో ఒకాయన ఇలాగే మొదలుపెట్టి మూడు నెలలకు వదిలేశారు. ఇప్పుడు వీధంతా దానిలోనే చెత్త వేస్తున్నారు.


మూడో అంతస్తు, భీమవరం – ఆగస్టు 13

మీ వీధిలో జరిగింది అందరికీ జరగవచ్చు, దాన్ని కాదనను. ఒకరు వదిలేసిన కుప్పను పది మందీ చెత్తకుండీ చేసుకుంటారు. ఒప్పుకుంటూనే ఒక మాట. తడి చెత్త కలిసిన సంచిలోని కాగితం, అట్ట, ప్లాస్టిక్ దేనికీ పనికిరాకుండా పోతాయి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి, పొడి, ప్రమాదకర చెత్తలను ఇంటి దగ్గరే వేరు చేయమన్నది ఇందుకే. నేను తడిది ఆపేశాక మా ఇంటి పొడి చెత్త పది రోజులకు ఒక్క సంచి అవుతోంది, ఎన్నాళ్లున్నా వాసన రాదు, పాత సామాన్ల వాడు అందులో సగం కొనుక్కుంటాడు. ఇక బండి తీసుకువెళ్లినది షెడ్డు దాకా చేరితే మంచిదే. చేరక ఎక్కడో గుట్టగా పడితే, అడుగున గాలి అందక మీథేను పుడుతుంది. మన వేసవిలో ఆ గుట్టలు తగలబడడం మీరూ చూసే ఉంటారు.


పాలకొల్లు – ఆగస్టు 14

తణుకు వారు అన్న దానిలో ఒక నిజం ఉంది: చివరి దాకా చేసే ఓపిక లేనివారు మొదలుపెట్టకపోవడమే మేలు. వంటింటి నుంచి కుప్పకు నడక ఇరవై అడుగులు దాటితే వానాకాలంలో ఎవరూ వెళ్లరు. అంబాజీపేట అమ్మకు చెప్పేది ఏమిటంటే, దొడ్డి చివర చెట్ల కింద కాకుండా వెనుక గుమ్మానికి కనబడే చోట పెట్టుకోండి, ఎండుటాకు గోనెసంచిని దాని పక్కనే ఉంచండి. ఆ సంచి ఖాళీ అయిన రోజున మీ ఎరువు కంపు కొట్టడం మొదలవుతుంది. మాఘ, ఫాల్గుణాల్లో పనసాకు రాలేటప్పుడే నాలుగు సంచులు తొక్కి నింపి సాలలో పడేసుకోవాలి.


అంబాజీపేట గృహిణి – నవంబరు 12

మూడు నెలల తరువాత మళ్లీ రాస్తున్నాను. పాలకొల్లు బాబాయి గారు చెప్పినట్లు సాల చూరు కింద రెండు తడికల గదులు కట్టించాను, నరసాపురం వారు చెప్పిన ఇనుప వల కూడా వేయించాను. ఆగస్టు 17న మొదలుపెట్టి సెప్టెంబరు నెలాఖరు దాకా మొదటి గది నింపాను. వినాయక చవితి పత్రి అంతా అందులోకే పోయింది. రెండో వారంలో ఒకసారి పుల్లటి వాసన వచ్చింది. ఆరా తీస్తే, మా అత్తగారు "పశువుకు పోసినట్లే కదా" అని రెండు పూటల గంజి, కుడితి తెచ్చి అందులో పోస్తున్నారని తెలిసింది. గంజిని అరటి పాదుకు మళ్లించి, ఒక సంచి ఎండుటాకు వేసి తిరగేయించాక నాలుగు రోజుల్లో సర్దుకుంది.

అక్టోబరు వానలకు పైరేకు ఒక మూల కారింది. నిన్న గది విప్పి చూస్తే ఆ తేడా కళ్లకు కట్టినట్లు కనిపించింది. మూడు మూలల్లో సరుకు కాఫీ పొడి రంగులో, చేతిలో తీసుకుంటే విడివిడిగా రాలుతూ, తొలకరికి తడిసిన నేల వాసన వేస్తోంది. నైరుతి మూలన మాత్రం రెండు గంపల మేర నల్లగా, జిగటగా, బురద గోతి నాటి వాసనతో ఉంది. దాన్ని ఎండుటాకుతో కలిపి రెండో గదిలో వేశాను. మిగిలినదాన్ని ఇసుక జల్లెడలో జల్లిస్తే 19 కిలోలు వచ్చింది. జల్లెడ పైన మిగిలినవి పీచు పోగులు, వేసినవి వేసినట్లే ఉన్న కోడిగుడ్డు పెంకులు, పనస గింజలు, యాపిల్ పండ్ల మీద అంటించే చిన్న కాగితాలు, ఇంకా వినాయక చవితి నాడు కనబడకుండా పోయిన స్టీలు గరిటె. పక్కింటి పిన్నిగారు వచ్చి గుప్పెడు చేతిలోకి తీసుకుని వాసన చూసి, తన తులసికోటకు ఒక చాటెడు పట్టుకెళ్లారు.

ఇక రెండు సందేహాలు. ఇది పూర్తిగా పండినట్లేనా, కనకాంబరాలకు వేయవచ్చునా? ఇప్పుడు కార్తిక మాసం కనుక రోజూ అరటి డొప్పల దీపాలు కాలువలో వదులుతున్నాము. మిగతా నెల కాలువకు బదులు ఇంట్లో గంగాళంలో వదిలి, మర్నాడు డొప్పలను కుప్పలో వేయవచ్చునని నాకు తోచింది. నూనె అంటి ఉంటాయి కదా, ఫరవాలేదా?


పాలకొల్లు – నవంబరు 12

చాలా సంతోషం అమ్మా. పండిందో లేదో తెలుసుకోవడానికి ఒక కొబ్బరి చిప్పలో సగం ఎరువు, సగం మట్టి కలిపి పది పెసలు నాటండి, పక్కనే వట్టి మట్టి చిప్పలో మరో పది నాటండి. నాలుగైదు రోజుల్లో రెండు చిప్పల్లోనూ సమంగా మొలిస్తే పండినట్లే. ఎరువు చిప్పలో మొలకలు తక్కువగా వచ్చినా, వచ్చినవి పసుపు పచ్చగా ఉన్నా మరో మూడు వారాలు గోనెసంచిలో నీడన ఉంచండి. ఇంటి కుప్పలో వేడి పొలం రాశి అంత, అంటే 55 డిగ్రీలకు పైగా ఎక్కదు కనుక టమాటా, బొప్పాయి గింజలు చావవు. కనకాంబరాల మధ్య అవి మొలిస్తే కంగారు పడకండి, పీకేయడమే. మొక్కకు రెండు దోసిళ్లు చాలు, మొదలుకు తగలకుండా చుట్టూ వేసి మట్టి కప్పించండి.

డొప్పలు నిరభ్యంతరంగా వేయండి. ఒత్తులు తీసేసి, మిగిలిన నూనెను పాత కాగితంతో తుడిచి, నాలుగు ముక్కలుగా చీల్చి వేయాలి. చీల్చకుండా వేస్తే దోనెలా నీరు పట్టుకుని కూర్చుంటాయి. ఒత్తులు నూలువే అయితే అవీ వేయవచ్చు. రంగు కలిపిన బజారు కుంకుమ, అగరుబత్తుల పుల్లలకు ఉండే వెండి రేకుల పొట్లాలు మాత్రం వేరు చేయండి. ఆ పైరేకు మూలను ఈ వారంలోనే బాగు చేయించండి, ఇది తుపానుల నెల.